స్టెరాయిడా? నేనెప్పుడు వాడాను?

"ఎప్పుడైనా స్టెరాయిడ్లు వాడారా?"

నెలల తరబడి భుజం నొప్పితో తిరిగి తిరిగి వచ్చిన మనిషిని ఎముకల డాక్టర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. మనవాళ్లలో చాలామంది ఆలోచించకుండా చెప్పే జవాబు, "అబ్బే, లేదండీ". అబద్ధమేం కాదు. స్టెరాయిడ్ అనగానే మన బుర్రలోకి వచ్చేది జిమ్, కండలు, పట్టుబడ్డ క్రీడాకారులు. ఆయాసం వచ్చినప్పుడు మందుల షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన నాలుగు చిన్న బిళ్లలు గుర్తుకు రావు.

పోయిన వారం ఫోన్ బ్యాటరీ ఎందుకు ఉబ్బుతుందో రాశాను. ఈ వారం మన సొంత హార్డ్‌వేర్ సంగతి. భుజం కీలులో ఎముక చచ్చిపోవడం. అవును, అక్షరాలా చచ్చిపోవడమే. మనిషి బతికే ఉంటాడు, చెయ్యి కదులుతూనే ఉంటుంది, లోపల ఓ నిమ్మకాయంత ముక్కకు రక్తం ఆగిపోతుంది. డాక్టర్లు దీన్ని అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు, పొట్టిగా ఏవీఎన్. తుంటి ఎముకకు వస్తుందని కొందరైనా వినే ఉంటారు, ముఖ్యంగా కోవిడ్ తర్వాత. తుంటి తర్వాత ఇది ఎక్కువగా పట్టుకునే చోటు భుజమేనని తెలిసినవాళ్లు తక్కువ.

నాకూ మా బావ వల్లే తెలిసింది. మాది బొబ్బిలి. బావ సాలూరు లారీలు తోలుతాడు. ఒడిశా మీదుగా రాయ్‌పూర్ దాకా వెళ్లి వస్తుంటాడు. వయసు ముప్పై ఆరు. కుడి భుజం నొప్పి మొదలై ఏడాది దాటింది. మొదట్లో ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ తిప్పీ తిప్పీ పట్టేసిందనుకున్నాడు. మా అత్త ఆముదం కాచి రాసింది. తర్వాత ఎవరో నరం పట్టిందన్నారు, ఇంకెవరో వాతమన్నారు. ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి "ఏం లేదు, ఫ్రోజెన్ షోల్డర్" అని చెప్పి, గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం రాసిచ్చారు. అది చేస్తే నొప్పి ఇంకా పెరిగింది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేడు. చొక్కా తొడుక్కోవాలంటే మా అక్క సాయం పట్టాలి. చివరికి విశాఖలో ఎంఆర్‌ఐ తీయిస్తే బయటపడింది.

అక్కడే డాక్టర్ ఆ ప్రశ్న అడిగారు. బావ నవ్వేశాడు. "నానేటి జిమ్ముకెల్తన్నానేటి డాక్టరుబాబూ, స్టెరాయిడ్లు వోడడానికి?"

బావకు చిన్నప్పటినుంచీ ఆయాసం ఉంది. లారీ డ్యాష్‌బోర్డులో ఎప్పుడూ ఓ మందుల పట్టీ పడి ఉంటుంది. చలికాలం దుమ్ములో ఊపిరాడకపోతే రెండు వేసుకుంటాడు, తగ్గకపోతే ఇంకో రెండు. ఎన్నేళ్లుగా అంటే సరిగా చెప్పలేడు. మళ్లీ కొనడానికి వీలుగా ఆ పట్టీని ఎప్పుడో ఫొటో తీసి ఫోన్‌లో దాచుకున్నాడు. దాన్ని పెద్దది చేసి చదివాను. డెక్సామెథసోన్.

సరే, ఎముక ఎందుకు చస్తుందో చూద్దాం.

ఎముక అంటే మనకు రాయిలా, సిమెంటు స్తంభంలా అనిపిస్తుంది గాని అది బతికున్న కణజాలం. పాతది అరుగుతుంటే కొత్తది పుడుతూ ఉంటుంది. ఈ పనంతటికీ రక్తం కావాలి. జబ్బ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా ఉండి, భుజం గుంటలో తిరుగుతుంది. ఆ బంతి చాలాభాగం నున్నటి మృదులాస్థితో కప్పి ఉంటుంది కాబట్టి అటునుంచి రక్తనాళాలు లోపలికి పోలేవు. కింద మెడ దగ్గర చుట్టుకుని వచ్చే రెండు ధమనుల కొమ్మలే దిక్కు. మా భాషలో చెప్పాలంటే బ్యాకప్ చాలా తక్కువున్న సర్వర్ అది. ఆ సన్నటి దారులు మూసుకుపోయినా, తెగిపోయినా, లోపల ఒత్తిడి పెరిగి నలిగిపోయినా బంతిలో కొంత భాగానికి తిండి అందదు.

చచ్చిపోయిన వెంటనే ఎముక కూలిపోదు. చచ్చినా కొన్నాళ్లు గట్టిగానే నిలబడుతుంది. అసలు చిక్కు మరమ్మతుతోనే వస్తుంది. శరీరం పాత ఎముకను తినేసి కొత్తది కట్టడం మొదలుపెడుతుంది. తినడం చకచకా జరుగుతుంది, కట్టడం నింపాదిగా సాగుతుంది. రోడ్డు తవ్వేసి, తారు వేయకుండా, దాని మీదే బళ్లు తిరగనిచ్చినట్టు. ఆ మధ్యకాలంలో బంతి పైభాగం నొక్కుకుపోతుంది. మృదులాస్థి కీలులోని జిగట ద్రవం నుంచే పోషణ తీసుకుంటుంది కాబట్టి అది మాత్రం బాగానే ఉంటుంది. పైన పెంకు బాగుండి లోపల గుజ్జు కుంగిపోయిన పండు లాంటి పరిస్థితి.

కారణాల్లో మొదటిది దెబ్బ. బైక్ మీంచి భుజం మీద పడి ఎముక మూడు నాలుగు ముక్కలైతే ఆ ధమనుల కొమ్మలు తెగిపోవచ్చు. ప్లేటు వేసి అతికించాక అంతా బాగుందనుకున్న ఏడాదికో రెండేళ్లకో నొప్పి తిరగబెట్టొచ్చు. ఇది అందరికీ అర్థమయ్యే కారణమే, ఎక్కువ చెప్పను. సముద్రం లోతుల్లో పనిచేసే డైవర్లకు, ఒత్తిడి పెంచిన సొరంగాల్లో పనిచేసేవాళ్లకు నైట్రోజన్ బుడగల వల్ల వస్తుంది. లూపస్ లాంటి జబ్బులున్నవాళ్లకు, రేడియేషన్ తీసుకున్నవాళ్లకు కూడా రావచ్చు.

మద్యం ఇంకొకటి. తుంటి మీద చేసిన అధ్యయనాల్లో వారానికి 400 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్ దాటితే ముప్పు బాగా పెరుగుతుందని తేలింది. లెక్క కట్టి చూశాను. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో, 42.8 శాతం చొప్పున, 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. అంటే వారానికి అయిదారు క్వార్టర్లు. వీకెండ్ పార్టీల్లో ఈ లెక్కకు చేరువయ్యేవాళ్లు నా టీమ్‌లోనే ఉన్నారు. పేర్లు అడక్కండి.

అన్నిటికంటే ఎక్కువ మాట్లాడుకోవాల్సింది స్టెరాయిడ్ గురించే. ముందు ఒక చిక్కుముడి విప్పాలి. కండల కోసం తీసుకునేవి వేరు, అవి మగ హార్మోనుకు చుట్టాలు. ఆయాసం, అలర్జీ, కీళ్లవాపు, చర్మవ్యాధులకు ఇచ్చేవి కార్టికోస్టెరాయిడ్లు. ప్రెడ్నిసోలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, డెఫ్లాజకార్ట్ ఈ కుటుంబంలోవే. ఏవీఎన్‌తో ముడిపడి ఉన్నవి ఇవి. ఇవి ఎముక మజ్జలో కొవ్వు కణాలను ఉబ్బేలా చేస్తాయి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి, ఎముక కణాలను నేరుగా దెబ్బతీస్తాయి. గట్టి డబ్బా లాంటి ఎముకలో కొవ్వు ఉబ్బితే నలిగిపోయేది రక్తనాళమే.

అలాగని స్టెరాయిడ్‌ను విలన్‌ని చేయడం నాకు ఇష్టం లేదు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ 10 రోజుల వరకు ఇస్తే చావులు తగ్గాయని చూపించింది. ఆ చవక మందు ఎన్నో ఇళ్లలో దీపం ఆరిపోకుండా కాపాడింది. అయితే అంతకు మించి, ఇష్టం వచ్చినన్ని రోజులు వాడినచోట బిల్లు తర్వాత వచ్చింది. 2021లో ముంబయి హిందుజా ఆస్పత్రి డాక్టర్లు, కోవిడ్ తర్వాత తుంటి ఎముక చచ్చిపోయిన ముగ్గురి గురించి రాశారు. వాళ్లకు అందిన ప్రెడ్నిసోలోన్ సగటున 758 మిల్లీగ్రాములు. 2,000 మిల్లీగ్రాములు దాటితేనే ముప్పు అన్న పాత అంచనా కంటే ఇది చాలా తక్కువ.

ఇప్పుడు బావ పట్టీకి వద్దాం. 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో సమానం. అంటే 4 మిల్లీగ్రాముల డెక్సా బిళ్ల ఒక్కటే దాదాపు 27 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్. రోజుకు రెండు చొప్పున పదిరోజులు మింగితే 530 దాటుతుంది. చలికాలానికి ఇలాంటి విడతలు రెండు మూడు, ఇలా ఎన్నో చలికాలాలు. చట్టప్రకారం ఇది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. మన ఊళ్లలో జీలకర్ర పొట్లం కట్టినంత తేలిగ్గా చేతిలో పెడతారు. "ఆయాసం మాత్ర" అంటారు, "వొంటినొప్పుల మాత్ర" అంటారు, "ఆకలి పుట్టే మాత్ర" అని కూడా అంటారు. ఆ పేరు ఎవరూ చెప్పరు. పనిచేస్తుంది కాబట్టి మనమూ అడగం.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది చదివి ఎవరూ ఇంట్లో పెద్దవాళ్ల స్టెరాయిడ్ బిళ్లలు రాత్రికి రాత్రి ఆపేయకండి. కొన్ని వారాలు వాడాక శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తుంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి. ఆయాసానికి రోజూ పీల్చే ఇన్‌హేలర్ విషయం వేరు. అందులో స్టెరాయిడ్ ఉన్నా మోతాదు మైక్రోగ్రాముల్లో, చేరేది ముఖ్యంగా ఊపిరితిత్తులకు. బావకు ఛాతీ డాక్టర్ ఇచ్చిందీ అదే. "ఇన్‌హేలర్ అలవాటైపోద్ది, బిళ్ల అయితే అవసరానికే" అని ఇన్నేళ్లూ దాన్ని దూరం పెట్టాడు. సరిగ్గా తిరగబడ్డ లెక్క.

ఇక గుర్తుపట్టడం. మొదటి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. కనిపించదంటే లేదని కాదు. ఎక్స్‌రేకు ఎముక ఆకారం, చిక్కదనం కనిపిస్తాయి గాని అది బతికుందో లేదో తెలియదు. మా ఊరి గొల్లపల్లిలో వీణకు పనస దుంగను ఎంచుకునేటప్పుడు పైకి చూసి సరిపెట్టుకోరు, లోపలి సంగతి తెలియాలి. ఆ లోపలి సంగతి చెప్పేది ఎంఆర్‌ఐ. మజ్జలో మార్పును నెలల ముందే పట్టేస్తుంది.

దశల లెక్క కట్టింది కెనడా వైద్యుడు రిచర్డ్ క్రూస్. 1970ల్లో స్టెరాయిడ్ వల్ల భుజం ఎముక చచ్చిపోయినవాళ్లను పరిశీలించారాయన. ఆయన పేరుతో ఉన్న అయిదు దశలనే డాక్టర్లు ఇప్పటికీ రిపోర్టులో రాస్తారు. మొదటిది ఎంఆర్‌ఐకి మాత్రమే దొరికేది. రెండోదాంట్లో ఎక్స్‌రేలో మచ్చలు మచ్చలుగా తెల్లదనం కనిపిస్తుంది, బంతి ఇంకా గుండ్రంగానే ఉంటుంది. మూడోదాంట్లో మృదులాస్థి కింద సన్నని నెలవంక లాంటి గీత కనిపిస్తుంది. అది చీలిక. కథ మలుపు తిరిగేది ఇక్కడే. నాలుగుకు వచ్చేసరికి బంతి చొట్టపోతుంది. అయిదో దశలో ఎదురుగా ఉన్న గుంట కూడా అరిగిపోతుంది.

మరి ఫ్రోజెన్ షోల్డర్‌కూ దీనికీ తేడా ఎలా? రెండింటిలోనూ రాత్రి నొప్పి ఉంటుంది, చెయ్యి పైకి లేవదు. ఫ్రోజెన్ షోల్డర్‌లో డాక్టర్ తానే మీ చెయ్యి ఎత్తబోయినా అది కదలదు, బిగుసుకుపోయి ఉంటుంది. అది ఎక్కువగా నలభై దాటినవాళ్లకు, షుగరున్నవాళ్లకు వస్తుంది. ఏవీఎన్‌లో మొదట్లో డాక్టర్ ఎత్తితే చెయ్యి లేస్తుంది, నొప్పి మాత్రం లోతుగా, ఎముకలోంచి వస్తున్నట్టు ఉంటుంది. భుజం ఎత్తు దాటి చెయ్యి పైకి లేపినప్పుడు చచ్చిన భాగం మీదే బరువు పడుతుంది కాబట్టి బట్టలు ఆరేయడం, తల దువ్వుకోవడం, అటక మీది సామాను తీయడం కష్టమవుతాయి. తర్వాత్తర్వాత కలుక్కుమనడం, పట్టేయడం. ఇవి ఇంట్లో కూర్చుని తేల్చుకునేవి కావు. నలభై లోపు వయసు, దెబ్బ తగల్లేదు, స్టెరాయిడ్ లేదా మద్యం చరిత్ర ఉంది, ఆరు వారాల ఫిజియోథెరపీకి నొప్పి తగ్గకపోగా పెరిగింది అంటే, ఎంఆర్‌ఐ అవసరమా అని డాక్టర్‌ను నోరు తెరిచి అడగండి.

ఇంకో మాట. దెబ్బ వల్ల కాకుండా ఒక భుజానికి ఏవీఎన్ వచ్చిందంటే డాక్టర్లు రెండో భుజాన్ని, రెండు తుంటి కీళ్లను కూడా చూస్తారు. కారణం రక్తంలోదైతే అది ఒక్క కీలు దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. బావకు ఎడమ తుంటిలో కూడా మొదటి దశ దొరికింది. నొప్పి ఇంకా లేదు. ఆ రిపోర్టు చదివిన రోజు మా అక్క అన్నం ముట్టలేదు. "రెక్కాడితే గాని డొక్కాడదు" అన్న మాట చిన్నప్పటినుంచీ వింటున్నదే గాని, నిజంగా రెక్క ఆడకపోతే ఇంటి లెక్కలు ఎలా ఉంటాయో ఆ రోజు చూశాను. లారీ ఓనరు మంచివాడు కాబట్టి మూడు నెలలు ఆగుతానన్నాడు.

చికిత్స ఏ దశలో దొరికిందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ముందు కారణాన్ని తీసేయాలి. స్టెరాయిడ్ మానగలిగితే డాక్టర్ పర్యవేక్షణలో మానడం, మద్యం ఆపడం. చెయ్యి భుజం ఎత్తు దాటించే పనులు, బరువులు మానేసి, కీలు బిగుసుకుపోకుండా మెల్లగా కదిపే వ్యాయామం చేయాలి. భుజానికి ఉన్న అదృష్టం ఏమిటంటే తుంటిలా ఒంటి బరువంతా మోయదు, పైగా వెనక రెక్క ఎముక కొంత కదలికను పంచుకుంటుంది. అందుకే కొందరు ఏళ్ల తరబడి ఆపరేషన్ లేకుండానే నెట్టుకొస్తారు.

బంతి గుండ్రంగా ఉన్నంతకాలం చేయగలిగిన ఆపరేషన్ కోర్ డీకంప్రెషన్. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, చచ్చిన భాగంలోకి సన్నటి డ్రిల్లుతో రంధ్రాలు వేస్తారు. లోపలి ఒత్తిడి దిగుతుంది, కొత్త రక్తనాళాలు పాకడానికి దారి దొరుకుతుంది. తొలి దశల్లో చేస్తే ఫలితాలు బాగుంటాయి. బంతి కూలిపోయాక చేస్తే పెద్దగా లాభం ఉండదు. బావది రెండో దశ. ఈ ఆపరేషనే చేశారు. రంధ్రాలు చిన్నవే. మూడో వారానికి రాత్రి నొప్పి తగ్గిందన్నాడు. బంతి నిలబడుతుందో లేదో చెప్పేది రాబోయే ఏడాది రెండేళ్ల ఎక్స్‌రేలే.

కూలిపోయాక మిగిలేది కీలు మార్పిడి. బంతిని మాత్రమే మార్చడం ఒకటి, గుంట కూడా పాడైతే రెండూ మార్చడం ఇంకొకటి. భుజం మార్చాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1893లో పారిస్‌లో పియాన్ అనే సర్జన్, క్షయ వల్ల భుజం పాడైన ఒక రొట్టెల తయారీదారుకు ప్లాటినం, రబ్బరుతో చేసిన కీలు అమర్చాడు. రెండేళ్లు పనిచేశాక ఇన్‌ఫెక్షన్ వల్ల తీసేయాల్సి వచ్చింది. 1950ల్లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్‌తో ఇప్పటి తరహా కీళ్లు మొదలయ్యాయి. నొప్పి పోవడంలో ఇవి గొప్పగా పనిచేస్తాయి. ఇబ్బందల్లా వయసుతోనే. ముప్పైల్లో కీలు వేయించుకుంటే జీవితకాలంలో మళ్లీ మార్చాల్సి రావచ్చు, బస్తాలు ఎత్తే పనికి ఇక సెలవే. అందుకే డాక్టర్లు చిన్నవాళ్ల విషయంలో వీలైనంత వెనక్కి నెడతారు.

బావ రిపోర్టు గురించి నేను రెండుసార్లు వెతికానో లేదో, నా ఇన్‌స్టాగ్రామ్ నిండా "స్టెమ్‌సెల్స్‌తో ఏవీఎన్ మాయం" ప్రకటనలే. డ్రిల్లింగ్‌తో పాటు రోగి మజ్జ కణాలను ఎక్కించడం మీద పరిశోధనలు నిజంగానే జరుగుతున్నాయి, అదీ ఎక్కువగా తుంటి మీద. కూలిపోయిన బంతిని ఇంజెక్షన్‌తో మళ్లీ గుండ్రంగా చేస్తామనేవాడికి మాత్రం లక్షలు కట్టకండి. ముందు నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి వెళ్లి, మీ కార్డు మీద ఏ ఆపరేషన్‌కు ఎంత వస్తుందో అడగండి. విశాఖ కేజీహెచ్‌లో ఎముకల విభాగం ఉండనే ఉంది.

బొబ్బిలి నుంచి రాస్తూ ఒక కారణాన్ని వదిలేయలేను. మాకు పడమట సాలూరు కొండలు, ఉత్తరాన పార్వతీపురం, కురుపాం. ఆ గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ ఉంది. హీమోగ్లోబిన్‌లో ఒక్క అమినో ఆమ్లం మారితే ఎర్రకణాలు కొడవలిలా వంగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. భుజం బంతికి వెళ్లే దారులు ఎంత సన్ననివో పైన చెప్పుకున్నాం. అమెరికాలో 2,500 మందికి పైగా సికిల్ సెల్ రోగులను పరిశీలిస్తే 5 శాతానికి పైగా మందిలో భుజం ఎముక చచ్చిపోయి కనిపించింది. వాళ్లలో ఎక్కువమందికి అప్పటికి నొప్పే లేదు. ఇది మందు తిన్నందుకో, తాగినందుకో వచ్చేది కాదు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. పరీక్ష చేసినవాళ్లకు ఫలితంతో కార్డు ఇస్తారు. జబ్బు ఉన్నవాళ్లకు హైడ్రాక్సీయూరియా మందు నొప్పుల దాడులను తగ్గిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ పేరు కూడా ఉంది. కొండమీది పిల్లాడు భుజం నొప్పి అంటే "బస్తా ఎత్తుంటాడు" అని నొప్పి ఇంజెక్షన్ పొడిచి పంపేయడం తేలిక. ఆ ఇంజెక్షన్‌లో స్టెరాయిడ్ ఉంటే సికిల్ సెల్ రోగికి కొన్ని రోజుల్లోనే మళ్లీ నొప్పుల దాడి రావచ్చు. అందుకని ఆ కార్డును ట్రంకు పెట్టెలో దాచకుండా ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఏ క్లినిక్‌కు వెళ్లినా, సూది తీయకముందే చూపించండి.